తొమ్మిది ఫొటోల్లోని నీడ

మా స్టూడియోలో నన్ను చీపురు అని పిలుస్తారు. అది తిట్టు కాదు, నా పనితనానికి ఇచ్చిన బిరుదు. ఫొటోలో ఉండకూడనిది ఏదైనా నా కంటపడితే చాలు, ఊడ్చిపారేస్తాను. మొటిమలు, గోడ మీద లేచిన పెచ్చులు, పెళ్లికొడుకు తలలోంచి మొలిచినట్టు కనిపించే కరెంటు స్తంభం, గ్రూప్ ఫొటోలో సరిగ్గా ఆ క్షణానే ఆవులించిన పెద్దమనిషి నోరు, అన్నీ నా చేతిలో మాయమైపోతాయి. ఒకసారి ఒకావిడ వచ్చి, "మా ఆయన పొట్ట కాస్త తగ్గించమ్మా" అని గుసగుసగా అడిగింది. తగ్గించాను. వారం తిరక్కుండా ఆ పెద్దాయనే వచ్చి ఇంకో నాలుగు కాపీలు తీయించుకున్నాడు. మొదట్లో మౌస్‌తో చేసేదాన్ని. ఇప్పుడు పలకలాంటి దాని మీద పెన్నుతో గీస్తే కంప్యూటర్లో బొమ్మ పడుతుంది. పదిహేనేళ్లుగా నాకు అన్నం పెడుతున్న పని ఇది.

ఇంత పనిమంతురాలినీ మా ఇంటి ఫొటోల దగ్గరికి వచ్చేసరికి ఒక ఘనకార్యం చేశాను. అది చెప్పాలంటే ముందు పిన్ని సంగతి చెప్పాలి. నిజానికి ఇది పిన్ని కథే.

పిన్ని అంటే మా అమ్మ చెల్లెలు. కళ్లద్దాల షాపు వెనక గదిలో అద్దాలు అరగదీసే పని చేసేది. ముప్పై ఎనిమిదేళ్లు అదే స్టూలు, అదే కిటికీ. తిరిగే రాయికి అద్దం అంచు ఆనించి, ఫ్రేముకి సరిపోయేలా కొద్దికొద్దిగా అరగదీయాలి. రవ్వంత ఎక్కువ అరిగితే ఫ్రేములోంచి జారిపోతుంది, తక్కువ అరిగితే అసలు దూరదు. సాయంత్రం ఇంటికొచ్చేసరికి ఆమె ముంజేతులు గాజుపొడి పట్టి తెల్లగా ఉండేవి. పంపు కింద చేతులు రుద్దుకుంటూనే, "అన్నం తిన్నావా, లేక నన్ను తింటావా?" అని నన్ను కేకేసేది.

నేను పుట్టిన పదకొండో రోజున అమ్మ పోయింది. నాన్న కొన్నాళ్లు చూసి, తన దారి తాను చూసుకున్నాడు. ఆయన మీద నాకు కోపం లేదు, కోప్పడేంత పరిచయమూ లేదు. నన్ను ఎత్తుకున్న పిన్ని మళ్లీ దించలేదు. ఎవరైనా పెళ్లి మాటెత్తితే, "పిల్ల కూడా చేతికొచ్చేసిందిగా, ఇంకా ఆ తతంగమంతా ఎందుకు?" అని నవ్వి అవతలికి పోయేది. ఆ నవ్వు వెనక ఏముందో అడిగే తెలివి నాకు చాలా ఆలస్యంగా వచ్చింది.

బడి అయ్యాక షాపు వెనక గదిలోనే నా కాపురం. పూర్తయిన అద్దాన్ని కిటికీ వెలుగుకి ఎత్తిపట్టి, "గీతలున్నాయేమో చూడవే" అనేది పిన్ని. ఉంటే వేలితో చూపించాలి. తొమ్మిదేళ్లు వచ్చేసరికి ఆమె కంటికి ఆనని గీతలు కూడా నాకు కనిపించేవి. "దీని కంట్లోంచి దుమ్ము కూడా తప్పించుకోలేదండీ" అని షాపు యజమాని దగ్గర గొప్పలు పోయేది. ఈ వేళ నేను తినే తిండి ఆ కిటికీ దగ్గర అబ్బిన చూపు పెట్టినదే. ఆ మాట పిన్నితో ఒక్కసారైనా అన్నానా అంటే, లేదు. ఇంట్లోవాళ్లకి థాంక్స్ చెబితే జ్వరమొచ్చిందేమోనని నుదురు పట్టి చూస్తారు.

ఇక ఫొటోల సంగతి. అమ్మా పిన్నీ పడుచుపిల్లలుగా ఉన్న రోజుల్లో షాపు యజమాని ఒక పాత కెమెరా పిన్నికి ఇచ్చేశాడు. దానితోపాటు ఒకే ఒక్క పాఠం చెప్పాడు: ఎండ నీ వీపు వెనక ఉండాలి. పిన్ని దాన్ని తు.చ. తప్పకుండా పాటించింది. సెలవురోజు సాయంత్రం, ఎండ తగ్గుముఖం పట్టే వేళకి, వాళ్లు అద్దెకున్న ఇంటి పెరట్లో అక్కని నిలబెట్టి ఫొటో తీసేది. ఒకదాంట్లో అమ్మ సైకిలు పట్టుకుని ఉంటుంది, ఒకదాంట్లో తడి జుట్టు విదిలిస్తూ ఉంటుంది, ఒకదాంట్లో ఎందుకో కోపంగా ఉంటుంది. అలా మిగిలినవి పదకొండు. నెగటివ్‌లు ఏమయ్యాయంటే, చిన్నప్పుడు నేనే వాటిని కళ్లకు అడ్డం పెట్టుకుని సూర్యుణ్ణి చూసే ఆట ఆడి, ఒక్కొక్కటే పోగొట్టాను.

పిన్ని ఒక్క ఫొటోలోనూ లేదు. కెమెరా పట్టుకున్న మనిషి ఫొటోలో ఎలా ఉంటుంది? పని నేర్చుకున్న కొత్తలో, "నిన్ను కోసి అమ్మ పక్కన అతికిస్తాను పిన్నీ, ఎవరూ పోల్చలేరు" అన్నాను.

"ఆ రోజు నేనక్కడ నిలబడలేదుగా. లేనిది పెట్టకు. అక్క దగ్గర అబద్ధాలొద్దు" అంది. ఇక ఆ ఊసెత్తలేదు.

కిందటేడు వంటింటి గోడలో పైపు పగిలి, ఆల్బమ్ ఉన్న బీరువా అడుగంతా నీళ్లు నిండాయి. ఆ తడి ఫొటోలను అలాగే స్టూడియోకి తీసుకుపోయి, అన్నిటినీ స్కాన్ చేశాను. మంచి పని చేశాను, ఎందుకంటే మర్నాటికి వాటి మీది రంగు మీగడలా ఊడి చేతికొచ్చేసింది. మా అమ్మ అంటూ ఈ లోకంలో మిగిలింది ఆ పదకొండు ఫైళ్లే.

పిన్ని పని మానేసే రోజు దగ్గరపడింది. ఆ ఫొటోలన్నీ బాగుచేసి కొత్త ఆల్బమ్ ఇద్దామనుకున్నాను. నెలరోజులు కూర్చున్నాను. నీటి మరకలు తీశాను, వెలిసిన రంగులు తిరిగి తెచ్చాను, అమ్మ చెంప మీద బూజుమచ్చ పోగొట్టి చర్మాన్ని చుక్కచుక్కగా గీశాను. పదకొండింటిలో తొమ్మిదింటికి కింది అంచు నుంచి అమ్మ పాదాల దాకా ఒక నల్లటి పొడుగు ఆకారం పడి ఉంది. ఫొటో తీసేవాళ్ల నీడ. మా వృత్తిలో ముందుగా తీసెయ్యాల్సిన చెత్త అదే. పక్కనున్న మట్టినే తీసుకుని, ఇసుకరేణువు తేడా తెలియకుండా దాని మీద పరిచాను. ఎంత బాగా కుదిరిందంటే, నా భుజం నేనే తట్టుకున్నాను. అదే ఫైలు మీద సేవ్ చేసేశాను.

అసలు ఫైలు ముట్టుకోకూడదు, ఎప్పుడూ కాపీ మీదే పని చెయ్యాలి. స్టూడియోలో కొత్తగా చేరినవాళ్లకి చెవి మెలేసి నేర్పేది నేనే. ఖాతాదారుల ఫొటోల విషయంలో ఇన్నేళ్లలో ఒక్కసారి కూడా తప్పలేదు. మన ఇంటివే కదా అనుకునేసరికి ఒళ్లు మరిచాను.

ఆఖరి రోజు షాపు నుంచి వచ్చి, చేతులు కడుక్కుని, పిన్ని మంచం మీద కూర్చుని ఆల్బమ్ తెరిచింది. మొదటి పేజీ చూసి మొహం విప్పారింది. రెండోది తిప్పింది. మూడో దాని దగ్గర ఆగి, వెనక్కి తిప్పి, మళ్లీ ముందుకొచ్చింది. అమ్మ పాదాల దగ్గర వేలు పెట్టింది.

"ఇక్కడ నేనుండాలే?"

"నువ్వెక్కడున్నావు పిన్నీ? తీసేదానివి నువ్వేగా."

"నా నీడుండేది."

"ఓ, అదా? చూడ్డానికి బాగాలేదని తీసేశాను."

పిన్ని ఒక్కో పేజీ తిప్పుతూ ఆఖరిదాకా వెతికింది. తర్వాత ఆల్బమ్ మూసి, "చాలా బాగా చేశావమ్మా. అక్క మొహం తేటగా వచ్చింది" అంది. పిన్నికి నచ్చితే తిడుతుంది. ఇంత మర్యాదగా మెచ్చుకుందంటే ఏదో మునిగిందన్నమాటే.

"ఏంటి పిన్నీ, చెప్పు" అని బతిమాలితే చెప్పింది.

"మొదట్లో తెలియక పడిందే. అక్క మాత్రం ప్రతిసారీ 'నువ్వూ రావే ఫొటోలోకి' అనేది. నేనొస్తే నొక్కేదెవరు? అందుకని ఎండ చూసుకుని, ముందుకీ వెనక్కీ జరిగి, నా నీడ అక్క కాళ్లకి తగిలాకే నొక్కేదాన్ని. అక్క కిందకి చూసి, 'ఆ, వచ్చావులే' అని నవ్వేది." ఆల్బమ్ అట్ట మీద చెయ్యి వేసి, "పోనీలే, నీకు తెలియదుగా" అంది.

అక్కాచెల్లెళ్లు కలిసి ఉన్న ఫొటో ఒక్కటీ లేదని నేననుకుంటే, తొమ్మిది ఉన్నాయి. తొమ్మిదింటినీ నా చేత్తోనే ఊడ్చేశాను.

మర్నాడు స్టూడియో తలుపులు తీయకముందే వెళ్లి నిలబడ్డాను. స్కానర్ కంప్యూటర్లో పాతవి ఏమైనా మిగిలాయేమోనని గాలించాను. వారానికోసారి దాన్ని ఖాళీ చేసే మహాతల్లిని నేనే. "కాపీ పెట్టుకోలేదా? నువ్వా?" అన్నాడు మా ఓనర్. ఆ రెండో మాట రెండు చెంపలూ వాయించినట్టు తగిలింది.

ఇక మిగిలింది ఒక్కటే దారి, ఆ నీడను మళ్లీ గీయడం. నీడ గీయడం ఎంతసేపు అనుకుని, సైకిలు ఫొటో తీసుకుని, కెమెరా పట్టుకున్న ఆడమనిషి ఆకారం ఒకటి చక్కగా గీసి చూపించాను.

పిన్ని కళ్లజోడు సర్దుకుని చూసింది. "ఎవరీవిడ?"

"నువ్వే పిన్నీ."

"నా మొహం. నా కుడి మోచెయ్యి ఇంత బుద్ధిగా ఎప్పుడుందే? అక్క ఎప్పుడూ 'రెక్క దించవే కోడిపెట్టా' అనేది." నా మొహం చూసి, "ఉన్నదాన్నే తిరిగి పెడతానంటే అది అబద్ధం కాదులే. కానీ నన్నే పెట్టు, ఎవరినో కాదు" అంది.

ఆ ఆదివారం సాయంత్రం ఇద్దరం డాబా మీదికి వెళ్లాం. బీరువా పైఅరలోంచి పాత కెమెరా దింపి ఇచ్చాను. అందులో ఫిల్ము లేదు, మీట కూడా బిగుసుకుపోయింది. పిన్ని ఎండకు వీపు పెట్టి నిలబడింది. నేను ఆమె పక్కనే భుజం ఆనించి, నా కెమెరా కిందికి వంచాను. ఆమె కెమెరా కంటికి ఆనించి, ఎడమకన్ను మూసి, ఒక అడుగు వెనక్కి, అరడుగు ముందుకి జరిగింది. కుడి మోచెయ్యి దానంతటదే పైకి లేచింది.

"అక్కా, కదలకు" అంది.

అన్నాక తనకే తెలిసి, కెమెరా దించబోయింది. "అలాగే ఉండు పిన్నీ" అన్నాను. సిమెంటు నేల మీద ఆమె నీడ సన్నగా, పొడుగ్గా సాగి ఉంది. నెరిసిన జుట్టు, కళ్ల కింద సంచులు, ముడతలు ఏవీ అందులో పడలేదు. అక్కడ ఉన్నది పాతికేళ్ల పిల్లే. నేను ఊడ్చాల్సింది ఏమీ లేదు.

ఆ సాయంత్రం తీసిన ఫొటోలను ఎదురుగా పెట్టుకున్నాక అసలు పని మొదలైంది. నీడంటే నలుపు కాదని ఇన్నేళ్లకి నాకు తెలిసొచ్చింది. నల్లరంగు పూస్తే నేల మీద గొయ్యి తవ్వినట్టుంటుంది. మట్టి రంగు కింది నుంచి కనపడుతూనే ఉండాలి, ప్రతి గులకరాయీ నీడలోనూ గులకరాయిలాగే మిగలాలి. సాయంత్రపు నీడలో పిసరంత నీలం కలవాలి. దగ్గరున్న నడుము అంచు పదునుగా ఉండాలి, దూరంగా పడ్డ తల అంచు మెత్తబడాలి. అమ్మ చెప్పుల మీదికి ఎక్కేచోట నీడ విరగాలి. అసలు ఫొటోను ముట్టుకోకుండా పైన పారదర్శకమైన కొత్త పొర వేసుకుని, దాని మీదే గీశాను. కాపీలు అయిదు చోట్ల పెట్టాను. బుద్ధొచ్చింది.

రోజూ పిన్ని స్టూడియోకి వచ్చి నా వెనక స్టూలు మీద కూర్చునేది. "ఇక్కడ ఎక్కువైంది, అరగదియ్యి" అనేది. అరగదీసేదాన్ని. "తల ఇంకాస్త అక్క వైపుకి." జరిపేదాన్ని. ఒకప్పుడు కిటికీ దగ్గర ఆమె అద్దం పట్టుకుంటే నేను తప్పులు చూపించేదాన్ని. ఇప్పుడు నేను పట్టుకుంటే ఆమె చూపించింది. మూడో రోజున, తల తిప్పకుండానే, "పిన్నీ, ఈ పని నువ్వు పెట్టిన భిక్షే" అన్నాను.

"జ్వరమేమైనా తగిలిందా?" అంటూ నుదుటి మీద చెయ్యి పెట్టింది. పెట్టిన చెయ్యి కాసేపు తీయలేదు.

ఎనిమిది ఫొటోలు అయ్యాయి. ఆఖరిదాని కోసం డాబా మీద తీసినవాటిలో అప్పటిదాకా వాడనిదొకటి తెచ్చి అమ్మ ఫొటో మీద పరిచాను. మిగతావాటిలో పిన్ని నీడ ఒక్కటే పడింది, ఇందులో మాత్రం దానికి ఆనుకుని ఇంకో నీడ ఉంది. భుజానికి భుజం తగిలి, రెండు తలలూ అమ్మ పాదాల దగ్గర ఆగాయి. నేను అలవాటుగా పెన్నుని తుడిచే రబ్బరుగా మార్చుకున్నాను.

"ఆ రెండోది ఎవరిదే?"

"నాదే. పక్కన నిలబడ్డానుగా, పడింది. తీసేస్తున్నాను."

"ఎందుకూ?"

"ఆ రోజు నేను లేనుగా పిన్నీ. లేనిది పెట్టొద్దని నువ్వే కదా అన్నావు."

పిన్ని తెరకేసి చాలాసేపు చూసింది. నేనూ చూశాను. మా అమ్మ దగ్గరికి నేను అంత దగ్గరగా రావడం అదే మొదటిసారి. పిన్ని వంగి నా చేతిలోంచి పెన్ను మెల్లిగా లాక్కుని బల్ల మీద పెట్టింది.

"ఉంచు. ఈ ఒక్క అబద్ధానికీ పూచీ నాది. అక్క అడిగితే నేను చెప్పుకుంటాను."

ఆ తొమ్మిదో ఫొటోనే పెద్దది చేయించి ముందుగదిలో తగిలించాం. మొన్న పిన్నిని చూడ్డానికి షాపు యజమాని వచ్చాడు. ఎంతైనా చూపుతో వ్యాపారం చేసిన మనిషి కదా, దగ్గరికెళ్లి అమ్మ పాదాల దగ్గర వేలు పెట్టి, "ఈ ఇద్దరూ ఎవరమ్మా?" అని అడిగాడు.

పిన్ని నా వంక చూడనైనా చూడకుండా, టీ గ్లాసు ఆయన చేతికిస్తూ జవాబు చెప్పింది.

"ఫొటో తీసినవాళ్లమండీ."