అగ్గిపుల్ల మెడలు

వీధిలో ఆయన్ని పేరు పెట్టి పిలిచేవాళ్ళు ఎవరూ లేరు. సేనాపతి ఇల్లు ఎక్కడ అంటే చాలు, పసివాడైనా వేలు చూపిస్తాడు. అలాగని ఆయన ఏనాడూ తుపాకీ పట్టిన మనిషి కాదు. బల్లి కనిపిస్తే కుర్చీ ఎక్కే రకం. పని చేసింది అచ్చాపీసులో, కంపోజిటరుగా. గడుల పెట్టెలోంచి సీసపు అక్షరాలు ఒక్కొక్కటే ఏరి వరసలు పేర్చడమే ఆయన బతుకంతా చేసిన యుద్ధం. కాకపోతే ముందుగదిలో గోడకి బిగించిన చెక్క అరల మీద ఆయనకి నిజంగానే ఒక సైన్యం ఉంది. అన్నీ వేలెడంత సీసపు బొమ్మలు. కాలిబంట్లు, గుర్రపురౌతులు, డప్పులవాళ్ళు, జెండా పట్టినవాడు, అందరికంటే ముందు బాకావాడు.

ఆ బాకావాడితోనే అంతా మొదలైంది. అచ్చాపీసులో అరిగిపోయిన అక్షరాల్ని కరిగించి కొత్తవి పోతపోసేవారు. సీసం చాలకపోతే పాతసామాన్ల వాడి దగ్గర తుక్కు కొనేవారు. ఒకరోజు ఆ తుక్కులో సొట్టపడ్డ బాకాతో ఒక సిపాయి కనిపించాడు. మూకుడు అప్పటికే పొయ్యి మీద కుతకుతమంటోంది. పనిలో చేరిన కొత్తలో ఎవరి ముందూ నోరెత్తని మనిషి, ఆ వేళ మాత్రం "వీణ్ణి వెయ్యకండి సార్" అని అరిచేశాడు. ఫోర్‌మన్ నవ్వి, "పట్టుకుపో, ఇద్దరికీ జీతం మాత్రం ఒకటే" అన్నాడు. చొక్కాజేబులో బాకావాడితో ఇంటికి నడిచి వచ్చిన ఆ సాయంత్రం గురించి ఆయన ముసలితనంలో కూడా మొహం వెలిగిపోతూ చెప్పేవాడు.

ఆ తర్వాత ఆయన చూడని పాతసామాన్ల కొట్టు లేదు. ఒక్కొక్కణ్ణీ తెచ్చాడు, తుడిచాడు, వెలిసిన చోట రంగు అద్దాడు. వాళ్ళ చరిత్ర అంతా చదివి ఒంట పట్టించుకున్నాడు. ఆ ఇంటికి కాఫీ తాగుదామని వచ్చినవాడు చరిత్ర కూడా తాగి వెళ్ళాల్సిందే. మొదట్లో ఈ బొమ్మలు రేకులా పలచగా ఉండేవట, పక్కనుంచి చూస్తే మనిషి, ఎదురుగా చూస్తే ఉత్త గీత. తర్వాత గట్టి సీసంతో పోశారు. మరి కొన్నాళ్ళకి ఎవరో బుర్ర ఉన్నవాడు, కరిగిన సీసం అచ్చులో పోసి, అంచులు గట్టిపడగానే లోపలిది బయటికి వొంపేసి, బోలు సిపాయిల్ని చేశాడు. దాంతో ధర దిగింది, మామూలు ఇళ్ళ పిల్లల చేతుల్లోకి వచ్చాయి. చివరికి సీసం పిల్లలకి మంచిది కాదని తేలి, ప్లాస్టిక్ వచ్చి వీళ్ళందర్నీ ఇంటికి పంపింది.

"బోలువాడికి మెడే బలహీనం. కింద పడ్డాడంటే ముందు పోయేది తలకాయే" అనేవాడు. "అప్పుడు ఇళ్ళల్లో అగ్గిపుల్ల ముక్క మెడలో గుచ్చి, దాని మీద తల కూర్చోబెట్టేవాళ్ళు. నా దగ్గర అలాంటి అతుకులవాడు ఒక్కడూ లేడు. నా ఇంట్లో అడుగుపెట్టాక ఒక్క తల రాలలేదు!"

ఈ మాట అన్నప్పుడల్లా ఆయన భార్య కాఫీ గ్లాసులు తీసుకుని వంటింట్లోకి వెళ్ళిపోయేది.

అరలు తుడిచే పని ఆవిడది. ప్రతి ఆదివారం బొమ్మలన్నీ దించి, మెత్తటి గుడ్డతో తుడిచి, మళ్ళీ పెట్టేది. పెట్టిన ప్రతిసారీ తప్పే. బాకావాడు గోడకి ఆనుకుని ఉంటాడు, జెండావాడు మూలకి పోతాడు, డప్పులవాళ్ళు గుర్రాల వెనక నక్కుతారు. ఆయనకి ఒళ్ళు మండిపోయేది. అక్షరం తన గడిలో లేకపోతే చెయ్యి ఆడని మనిషాయె.

"మళ్ళీ బాకావాణ్ణి వెనక్కి తోశావా? ముందుండాలని ఎన్నిసార్లు చెప్పాలి?"

"వెనకుంటే బాకా వినపడదా ఏంటి?"

"చరిత్ర అనేది ఒకటి ఏడ్చింది!"

"ఏడవనీండి. ముందు చేతులు కడుక్కురండి, భోజనం చల్లారిపోతోంది."

సాయంత్రానికల్లా ఆయన అందర్నీ సరిదిద్ది, బాకావాణ్ణి అర అంచుకి తెచ్చి నిలబెట్టేవాడు. ఆవిడకి వరస తలకెక్కదని తీర్మానించేసుకున్నాడు. కూతురు పెరిగి పెద్దదై, పెళ్ళి చేసుకుని ఊరి అటు చివరికి వెళ్ళింది. అచ్చాపీసు మూతపడింది. ఆయన పగళ్ళు గడియారాల షాపాయన దగ్గర కబుర్లతో గడిచేవి. ఆదివారం తగువు మాత్రం ఆగలేదు.

పోయిన చలికాలంలో, మామూలు జ్వరమే అనుకున్నది ఆవిణ్ణి తీసుకుపోయింది.

ఆ తర్వాతి ఆదివారాల్లో ఆయనే తుడిచాడు. వరస తప్పు పట్టడానికి వీల్లేనంత బాగా వచ్చింది. సరిదిద్దడానికి ఏమీ లేదు. ఆ ఖాళీ సాయంత్రం ఆయన్ని నమిలేసింది. ఒక్కసారి, ఒక్కటంటే ఒక్కసారి ఆవిడ పెట్టినట్టు పెట్టి చూసుకోవాలనిపించింది. కూర్చున్నాడు, లేచాడు, నలుగుర్ని వెనక్కి జరిపాడు, మళ్ళీ ముందుకి లాగాడు. బాకావాడు, జెండావాడు సరే, మిగతావాళ్ళ మాటేమిటి? ఏ దళం ఎక్కడ నిలబడాలో నిద్రలో లేపి అడిగినా చెప్పగల మనిషికి, ఇంటావిడ వరస గుర్తు రాలేదు. ఎప్పుడైనా సరిగ్గా చూస్తే కదా! అటూ ఇటూ తిరిగి చివరికి అన్నీ పాత వరసలోనే పెట్టేసి, బయటికి వెళ్ళడం కూడా మానేసి, ఆ గదిలోనే కూర్చునేవాడు.

అలా కూర్చునుండగానే ఒక మధ్యాహ్నం, వీధి మలుపులో ఇసుక లారీ వెళ్ళింది. ఇల్లు జలదరించింది. అంచున ఉన్న బాకావాడు రెండడుగులు వేసినట్టు ఊగి, నేలమీద పడ్డాడు. తల కుర్చీ కిందికి దొర్లింది.

ఆయన లేచి కుర్చీ పక్కకి జరిపాడు. వంగి తల తీశాడు. మెడలోంచి అగ్గిపుల్ల ముక్క బయటికి పొడుచుకొచ్చి ఉంది.

ఎవడో అతుకులవాణ్ణి అంటగట్టాడు అనుకోవడానికి లేదు, మూకుడు నుంచి తనే కాపాడి తెచ్చినవాడు, అప్పుడు మెడ గట్టిగానే ఉంది. కళ్ళజోడు సవరించుకుని చూశాడు. మెడ చుట్టూ కాలరు మీద ఎర్రరంగు పొర మీద పొర ఉంది. ఒక్కసారి అతికించింది కాదు. కూతురికి ఫోన్ చేసి, బాకావాడి తల ఊడిందని చెప్పాడు.

"ఇప్పటికి నీ కళ్ళెదుట పడ్డాడా?" అని నవ్వబోయి, ఆగిపోయింది కూతురు. "లారీ వెళ్ళినప్పుడల్లా ఎవడో ఒకడు పడేవాడు నాన్నా. నువ్వు వచ్చేలోపు అమ్మ అతికించేసేది. నా రంగులపెట్టెలో ఎర్రరంగు ఎప్పుడూ ముందే ఎందుకైపోయేదనుకున్నావు?"

"నాతో ఒక్క మాట అనొచ్చుగా!"

"అంటే భోజనం మానేసి కూర్చుంటావని భయం. గోడవైపు పెడితే మళ్ళీ పడరని ప్రతి వారం పెట్టేది. నువ్వేమో సాయంత్రానికి తీసుకొచ్చి అంచున నిలబెట్టేవాడివి. కుట్టుసామాను డబ్బా చూడు, పుల్లలు అందులోనే ఉండేవి."

ఫోన్ పెట్టేసి ఆయన అర దగ్గరికి వెళ్ళాడు. ఒక్కొక్కణ్ణీ చేతిలోకి తీసుకుని, చూపుడువేలూ బొటనవేలూ మధ్య మెడ పట్టుకున్నాడు. చీకట్లో కూడా అక్షరం పోల్చుకున్న వేళ్ళవి. అతుకున్న మెడ రవ్వంత కదులుతుంది. కదిలినవాణ్ణి గోడవైపుకి, కదలనివాణ్ణి అంచుకి పెడుతూ పోయాడు. డప్పులవాళ్ళు గుర్రాల వెనక్కి వెళ్ళారు. జెండావాడు మూలకి చేరాడు. అరమీద ఆదివారం మధ్యాహ్నాల వరస మెల్లగా తయారైంది. తను తప్పని తిట్టిన వరస అచ్చం అదే. గోడ దగ్గర చోటు లేదు, అంచున నిలబడ్డవాళ్ళు పట్టుమని పదిమంది కూడా లేరు. ఆయన అక్కడే కూలబడి పెద్దగా ఏడ్చాడు.

తర్వాత కళ్ళు తుడుచుకుని కుట్టుసామాను డబ్బా తెరిచాడు. దారపుండల కింద కాగితం పొట్లంలో అగ్గిపుల్ల ముక్కలు ఉన్నాయి. రెండు కొనలూ మెడలో పట్టేలా సన్నగా చెక్కి ఉన్నాయి. ఇకముందు పడబోయేవాళ్ళ కోసం ఆవిడ తీరిగ్గా చేసి పెట్టుకున్నవి. ఒక పుల్ల తీసుకుని బాకావాడి తల అతికించాడు. కాస్త వంకరగా వచ్చింది. ఆవిడ చేతిలో ఎప్పుడూ అలా రాలేదు.

చాలా రోజులుగా మిత్రుడు కనపడకపోయేసరికి గడియారాల షాపాయన వెతుక్కుంటూ వచ్చాడు. అరల వంక చూసి నోరు వెళ్ళబెట్టాడు.

"ఇదేంటి సేనాపతీ, బాకావాడు వెనకెక్కడో ఉన్నాడు! వరసంతా తప్పు కదా?"

"అది మా ఆవిడ వరస. ఇక అలాగే ఉంటుంది."

"పోనీలే, ఒక్క తలా రాలలేదు, అది చాలు."

"దాదాపు అన్నీ రాలాయి" అన్నాడాయన. "నాదాకా రానివ్వలేదంతే."

అంతలో మలుపులో లారీ వెళ్ళింది. అరలు గడగడలాడాయి. ఇద్దరూ గబుక్కున లేచి నిలబడ్డారు. ఒక్కడు కూడా పడలేదు.