చేబదులుగా పోయిన మిల్లు కాగితాలు

మొన్న ఆదివారం మా కూతురి కొడుకు నా మంచం పక్కన కూర్చుని ఫోను చూసుకుంటూ తనలో తాను నవ్వుకుంటుంటే, ఏమిట్రా సంగతి అని అడిగాను. వాడు ఏదో చిన్న కంపెనీ షేర్లు కొన్నాడట. ఆ కంపెనీ మునుగుతుందని నమ్మినవాళ్లు కొందరు, తమ దగ్గర లేని షేర్లను ఎవరి దగ్గరో అప్పు తెచ్చి అమ్మేశారట, ధర పడిపోయాక చౌకగా కొని ఆ అప్పు తీర్చేయవచ్చునని వాళ్ల ఆలోచనట. అట్లా అమ్మేసి ఇంకా తిరిగి కొననివి ఎన్ని ఉన్నాయో చెప్పే లెక్కను షార్ట్ ఇంట్రెస్ట్ అంటారని, చిన్న కంపెనీలో ఆ లెక్క మరీ పెరిగితే అమ్మినవాళ్లందరూ ఒక్కసారిగా కొనడానికి ఎగబడి ధర పైకి లేస్తుందని, తాను దానికోసమే కాచుకున్నానని చెప్పి, చివర్లో "నీకిది అర్థం కాదులే అవ్వా" అన్నాడు. నాకు నవ్వొచ్చింది. ఆ పేరు నాకు తెలియకపోవచ్చు గాని, ఆ సంగతి వీడి అమ్మ పుట్టకముందే మా ఇంట్లో అందరికీ అర్థమయింది, దానికి మేమిచ్చుకున్న ఫీజు ఒక చీనీ తోట.

మా ఊరు పామిడికి కొన్ని మైళ్ల దూరం. పెన్న పేరుకే నది, మా చిన్నప్పుడు దాంట్లో నీళ్ల కంటే చెలమలు తోడుకునే ఆడవాళ్లే ఎక్కువ కనిపించేవాళ్లు. నేను ట్రైనింగు ముగించుకుని రాప్తాడు పక్క ఒక పల్లెలో టీచరుగా చేరిన తొలి ఏళ్లవి. శనివారం మధ్యాహ్నం బడి వదలగానే బస్సు పట్టుకుని ఇంటికి వచ్చేదాన్ని. బస్సు దిగి నడిచి వస్తుంటే దారిలో నూనె మిల్లు కనిపించేది, అంతకంటే ముందు దాని వాసన ఎదురొచ్చేది. వేయించిన శెనక్కాయల వాసన, నూనె తీశాక మిగిలే చెక్క వాసన కలిసిన ఆ ఘుమఘుమ తెలిసినవాళ్లు మీలో ఎందరో ఉంటారు. ఈనాటి ప్యాకెట్ నూనెలో దాని కోసం వెతకడం నేనెప్పుడో మానుకున్నాను.

ఆ మిల్లు పెట్టేటప్పుడు ఊరూరా తిరిగి రైతులకు షేర్లు అమ్మారు. మీ కాయలు మీ మిల్లులోనే ఆడతాయి, లాభం మీ ఇంటికే వస్తుంది అని వాళ్లు చెబుతుంటే వినడానికి హరికథలాగా ఉండిందని నాయన అనేవాడు. చేతిలో రొక్కం లేక, అమ్మ పుట్టింటినుంచి తెచ్చుకున్న కాసులదండ అమ్మి షేర్లు కొన్నాడు. దండ ఆమెది గనక కాగితాలు కూడా ఆమె పేరనే రాయించాడు. చుట్టూ తీగల బొమ్మలు, మధ్యలో ఇంగ్లీషు అక్షరాలు ఉన్న ఆ కాగితాలను అమ్మ పట్టుచీర మడతల్లో దాచింది. ఎవరన్నా మెడ బోసిగా ఉందేమని అడిగితే, నా దండ మిల్లులో నూనె తాగుతాంది అని నవ్వేసేది.

నాయనకున్న పిచ్చి చీనీ చెట్లు, బత్తాయి అంటారే, అవి. మా పక్క అప్పుడప్పుడే ఒకరిద్దరు చీనీ వేయడం మొదలుపెట్టారు. నాయన బావి కింద ఒక చెక్క భూమిలో మొక్కలు నాటి, పొద్దున్నే ఎద్దులతో కపిలె తోలి, తోలుసంచిలో పైకొచ్చిన నీళ్లను పాదు పాదుకూ మళ్లించేవాడు. మొక్కలు నడుమెత్తు దాటి ఇంక కాపుకొస్తాయనగా వానలు ముఖం చాటేశాయి. వరసగా కరువు. బావిలో నీళ్లు అడుగంటి రాయి కనిపించింది. ఆ రాయి పేల్చి ఇంకొంచెం లోతు తవ్విస్తే ఊట తగులుతుందని బావులు తవ్వేవాళ్లు చెప్పారు. దానికి కావలసిన డబ్బు మా ఇంట్లో ఒకేచోట ఉంది, అమ్మ పట్టుచీర మడతల్లో. మిల్లు కాగితాలు అమ్మాలి, బావి తవ్వించాలి, తోటను బతికించుకోవాలి. ఆ ఏడు మా ఇంట్లో ఇంతకు మించి వేరే మాట లేదు.

అమ్ముదామని నాయన టౌనుకు పోతే కాగితం ధర సగానికి పడిపోయి ఉంది. కాయలే లేని కరువులో మిల్లు ఏమాడుతుంది గనక అనుకుని ఆయన తిరిగొచ్చేశాడు. అయితే ధర అంతగా పడటానికి కరువొక్కటే కారణం కాదని మాకు తెలిసింది అమ్మ తమ్ముడి వల్ల. మా మామ టౌనులో శెనక్కాయల మండీలో గుమాస్తా. మాటకారి, ఆశపోతు, చేతిలో ఉన్నది పదిమందికి పెట్టేవాడు. అక్క అంటే ప్రాణం. మండీలో కాయల మీద వాయిదా బేరాలు ఎప్పుడూ ఉండేవే. ఫలానా నాటికి సరుకిస్తానని ఈరోజే ధర మాట్లాడుకోవడం, అంతే. అదే అలవాటుతో వాళ్లు మిల్లు కాగితాలను కూడా అట్లా అమ్మడం మొదలుపెట్టారు. ఒకనాడు మా ఇంట్లో సంగటి తింటూ, తాను కూడా వాయిదాకు కాగితాలు అమ్మానని మామ గొప్పగా చెప్పాడు. నీ దగ్గర కాగితాలు యాడుండాయిరా అని అమ్మ అడిగింది. లేవు. ధర ఇంకా పడుతుంది, వాయిదా నాటికి చౌకగా కొని ఇచ్చేస్తాడట. ఆలు లేదు చూలు లేదు కొడుకు పేరు సోమలింగం అన్నట్టుందే నీ యాపారం అని నాయన ఎగతాళి చేశాడు. అందరూ మీలాగే లేనివి అమ్ముకుంటే ఆ రోజు కొనడానికి కాగితాలు ఎవరి దగ్గర దొరుకుతాయి మామా అని నేను ఊరికే అడిగాను. నిజంగా ఊరికే అడిగాను, నాకేదో తెలిసి కాదు. టీచరమ్మకు అన్నిట్లోనూ లెక్కలే కావాల అని ఆయన నా నెత్తిన మొట్టి, ఇంకో ముద్ద పెట్టించుకున్నాడు.

వాయిదా దగ్గరికొచ్చింది. లేని కాగితాలు అమ్మినవాళ్లందరి దగ్గరా మాట మాట్లాడకుండా కొంటూ వచ్చింది ఒకే షావుకారు అని అప్పుడు బయటపడింది. ఆయన డబ్బు చేత పట్టుకుని కూర్చుని, నా కాగితాలు నాకివ్వండి అన్నాడు. చూస్తే మిల్లు చిన్నది, కాగితాలు కొన్ని, వాటిలో చాలా భాగం మాలాంటి పల్లెవాళ్ల పెట్టెల్లో ఉన్నాయి. మండీలో నోటిమాటగా అమ్ముడుపోయినవేమో బజారులో దొరికేవాటి కంటే ఎక్కువ. ఇంక చూడండి, అమ్మినవాళ్లు సైకిళ్లేసుకుని ఊళ్లమీద పడ్డారు. మిల్లు గేటుకు తాళం, లోపల గింజ లేదు, పొగగొట్టం మీద కాకులు, అయినా ఆ మిల్లు కాగితం ధర మాత్రం నాయన కొన్ననాటికంటే రెండింతలు దాటింది. లోకంలో ఏ వస్తువుకైనా అది మంచిదయితే ధర పెరుగుతుందని నేను బడిలో పిల్లలకు చెప్పేదాన్ని. ఆ పాఠం ఎంత పచ్చిదో ఆ వారం తెలిసింది. నాయన బావి తవ్వేవాళ్లకు కబురుపెట్టేశాడు. ఆయన అంత హుషారుగా ఉండటం నేను చాలా రోజుల తర్వాత చూశాను.

ఆ శనివారమే మామ వచ్చాడు. లోపలికి రాకుండా అరుగు మీద కూర్చుండిపోయాడు. గడ్డం మాసి, చొక్కా గుండీలు తప్పుగా పెట్టుకుని ఉన్నాడు. మర్నాటికి కాగితాలు చూపించకపోతే మండీలో మాట పోతుంది, మాట పోయినవాణ్ని మండీలో ఎవరూ గడప తొక్కనివ్వరు. ఆ ధర పెట్టి కొనాలంటే ఉన్న ఇల్లు అమ్ముకోవాలి, ఇంట్లో ముగ్గురు చిన్నపిల్లలు.

"అక్కా, నాకు అమ్మమనేదానికి నోరు రాదు, కొనేదానికి దుడ్లు లేవు. బదులియ్యి. ఎన్ని కాగితాలు తీసకపోతానో అన్నీ తెచ్చి నీ చేతిలో పెడతా."

బదులు అంటే మీకు చెప్పనక్కరలేదు గాని, ఇప్పటివాళ్లెవరైనా చదువుతారేమోనని చెబుతున్నాను. ఇంట్లో కొర్రలు అయిపోతే పక్కింట్లో ఒక పడి తెచ్చుకునేవాళ్లం, పంట వచ్చాక పడి కొర్రలే ఇచ్చేవాళ్లం. ధర పెరిగిందా తగ్గిందా అన్న మాటే రాదు, గడువూ ఉండదు. ఒక్కటే మర్యాద. తెచ్చుకునేటప్పుడు పడి అంచుకు సమంగా చేత్తో తుడిచి తెచ్చుకున్నా, తిరిగి ఇచ్చేటప్పుడు మాత్రం పైన గోపురం నిలిచేట్టు పోసి ఇవ్వాలి. అట్లా పోయని ఇంటికి రెండోసారి బదులు పుట్టేది కాదు.

నాయన లేచి బావి దగ్గరికి వెళ్లిపోయాడు. అమ్మ పని అడకత్తెరలో పోకచెక్క అయింది. కాసేపు పొయ్యి ముందు కూర్చుని, తర్వాత తనూ బావి దగ్గరికి పోయింది. మజ్జిగ తీసుకుని వెనకాలే పోయిన నాకు వాళ్ల మాటలు వినిపించాయి. చెట్లు ఈ ఎండాకాలం తట్టుకోవని నీకు తెలుసు గదా అని నాయన ఒక్కటే అడిగాడు. తెలుసు అంది అమ్మ. అమ్మ ఇంటికొచ్చి కాగితాలు తీసి, వాటిని మామకు ఇస్తున్నట్టు తనకొచ్చిన నాలుగక్షరాలు కూడబలుక్కుని సంతకం పెట్టింది. ఎప్పటికి తెచ్చిస్తాడో రాయించుకుందామమ్మా అని నేనంటే, తోడబుట్టినోనికి గడువు పెట్టేదేందే అని నా మీద కసిరింది.

మామ గట్టెక్కాడు. లెక్కలన్నీ తీరిపోగానే కాగితం ధర పెరిగినంత వేగంగానూ దిగిపోయింది, ఇంక కొనాల్సిన అవసరం ఎవరికీ లేదు కదా. ఈరోజు తెచ్చిస్తా, ఇంకొంచెం చౌకయినాక తెచ్చిస్తా అంటూ మామ నెట్టుకొచ్చాడు. ఆ ఎండాకాలం నాయన కడవలతో నీళ్లు మోసి, చివరికి మొదటి వరస చెట్లనన్నా కాపాడుకుందామని మిగతావాటి మీద ఆశ వదులుకున్నాడు, తర్వాత మొదటి వరసా పోయింది. ఎండిన కట్టెలను పొయ్యిలోకి నరుకుతుంటే పచ్చి చీనీ ఆకు వాసన కొంచెం ఇంకా ఉండేది, ఆ వారాలు నేను ఇంటికి రావడానికే భయపడేదాన్ని. మరుసటేడు మిల్లు పూర్తిగా మూతపడింది. మూతపడిన నెలకు మామ కాగితాలు తెచ్చాడు. మా నంబర్లవి కావు గాని సరిగ్గా అన్నే, ఒకటి ఎక్కువా లేదు, తక్కువా లేదు. తూకానికమ్మితే కూడా ఏమీ రానివి.

నాయన లేచి అవతలికి పోయాడు. అమ్మ కాగితాలు అందుకుని, "అన్నీ ఉండాయిలేప్పా. చేత్తో తుడిచి తెచ్చినావు" అంది. తిట్టలేదు, గొంతు కూడా పెంచలేదు. మామ ముఖం చూడలేక నేను తల దించుకున్నాను. ఆ రోజు ఆయన మంచినీళ్లు కూడా తాగకుండా వెళ్లిపోయాడు, ఆ తర్వాత చాన్నాళ్లు మా ఇంటి గడప తొక్కలేదు. పండగలకు పిల్లల్ని పంపేవాడు, తాను రాడు. అమ్మ ఆ పిల్లలకు తల దువ్వి, కడుపునిండా పెట్టి, మీ నాయన బాగుండాడా అని మాత్రం అడిగేది.

మళ్లీ కరువు ముదిరిన ఎండాకాలంలో మా ఎద్దులకు మేత లేక, వాటిని సంతకు తోలేద్దామని నాయన నిశ్చయించుకున్న రోజున, మా వాకిట్లో ఒక బండి ఆగింది. బళ్లారి పక్క కాలువ కింద కొన్న వరిగడ్డి. బండి గుంజలు కూడా కనపడకుండా, ఇంటి చూరెత్తు దాటి వేసుకొచ్చాడు మామ. ఎండకు నల్లబడి, బండి పక్కన తలపాగా చేత పట్టుకుని నిలబడ్డాడు, లోపలికి మాత్రం అడుగెయ్యలేదు. అమ్మ గుమ్మంలోకి వచ్చి, ఆ గడ్డిని కిందినుంచి పైదాకా చూసింది. తర్వాత కళ్లు తుడుచుకుని, "ఏమప్పా, ఆడ్నే నిలబడినావు? కాళ్లు కడుక్కో, సంగటి కలుపుతా" అంది.

ఇదంతా చెప్పి ముగించేసరికి మా మనవడు ఫోను పక్కన పెట్టేశాడు. ఇప్పుడట్లా జరగదవ్వా అన్నాడు. షేర్లు అప్పిచ్చినవాళ్లకు ఫీజు ఉంటుందట, ఇన్ని రోజులకు ఇంత అని దానంతటదే వచ్చి జమ అవుతుందట, గడువు తప్పే వీలే లేదట. ఎవరి షేర్లు ఎవరు తీసుకున్నారో ఇద్దరికీ తెలియను కూడా తెలియదట. మంచిదే. పడి మీద గోపురాన్ని ఇప్పుడు మిషనే పోస్తుందన్నమాట. అప్పుడే ఆ ఏర్పాటు ఉండి ఉంటే నాయన తోట నిలిచేదేమో, పాతకాలమే గొప్పదని ఎండిపోయిన ఆ చెట్లను చూసినదాన్ని నేనెట్లా అంటాను? కాని ఎవరి సొమ్ము తెచ్చుకున్నాడో తెలియనివాడికి మనసులో కుమిలిపోయే పని లేదు, గడ్డిబండి తోలుకుని మండుటెండలో అంత దూరం రావలసిన పని లేదు, వచ్చి వాకిట్లో నిలబడిపోయినవాణ్ని కాళ్లు కడుక్కోమని పిలవడానికి ఒక అక్క ఉండవలసిన పనీ లేదు.