సున్నపు చుక్కలు తుడిచింది నేను

మా ఉస్తాద్ పోయాడు. ఈ రోజుకు పదకొండు రోజులు. ఈ మాట చెబుతున్న నా పేరు ఓబులమ్మ. సోమందేపల్లెలో పెద్ద వీధి వెనకాల మా ఇల్లు. వయసు అరవై దాటి చాలా కాలమైంది. ఎన్ని దాటాయో చెప్పగలిగినవాళ్ళు ఎవరూ మిగల్లేదు. ఇంట్లో నేనూ, కాళ్ళు పడిపోయిన మా చెల్లెలూ ఉంటాం. నాకు చదువు రాదు. నేను చెబుతుంటే బడి పంతులు రాస్తున్నాడు. ఒక్క మాట కూడా నునుపు చేయవద్దని ముందే చెప్పాను.

ఉస్తాద్‌ను మోసుకుపోతున్నప్పుడు నేను వీధిలో నిలబడి ఉన్నాను. ఇంజిన్లు బాగుచేసే ఒకాయన నా పక్కనే ఇంకొకరితో అంటున్నాడు.

"మంచోడే గానీ మొండోడప్పా. తెలియని కత్తిని మిషన్‌కు పెట్టి కండ్లు పోగొట్టుకున్నాడు. తెలిసిన పనోడు చేసే పనేనా అది?"

"ఏమప్పా, మనిషి ఇంకా వీధి మలుపు తిరగలేదు. నీ నాలుకకు ఒక గడియ ఓపిక లేదా?" అన్నాను.

"ఊరంతా అనే మాటే గదా ఓబులక్కా. ఆయనే చెప్పుకున్నాడు. నేనొక్కన్నే అంటినా?"

నిజమే, ఆయనే చెప్పుకున్నాడు. అందుకే నేను ఇప్పుడు చెప్పాల్సి వచ్చింది. ఆ మాట అబద్ధం.

నా భర్త బావి తవ్వుతూ మట్టి మీద కూలి చనిపోయిన ఏడు, పని కోసం ఉస్తాద్ గడప దగ్గర నిలబడ్డాను. అప్పటికి మా వీధికి కరెంటు లేదు. వాళ్ళ ముందరి గదిలో ఇనుము కోసే లేత్ ఉండేది. బండి చక్రమంత చక్రాన్ని ఒక మనిషి చేత్తో తిప్పితే, తోలుపట్టా మీద లేత్ తిరిగేది. తిప్పే మనిషి మానేసి వారమైంది.

"ఆడమనిషివి. దినమంతా తిప్పగలవా?" అన్నాడు.

"ఇరవై ఏండ్లు బావిలోనుంచి బొక్కెన లాగినా. నీ చక్రం అంతకంటే లోతుండాదా?"

ఆయన నవ్వలేదు. లోపలికి తిరిగి భార్యతో, "మాబూబ్బీ, ఇంకొక గ్లాసు చాయ్ పెట్టు" అన్నాడు. అంతే, నాకు పని దొరికింది.

మొదటి రోజే నన్ను చక్రానికి పక్కగా నిలబెట్టాడు. "తిరిగే ఇనుముకు ఎదురుగా ఉండొద్దమ్మా. దానికి నువ్వెవరో తెలియదు" అన్నాడు. చక్రం తిప్పిన అన్నేళ్ళూ నేను ఒక్కసారి కూడా ఎదురుగా నిలబడలేదు. ఆయన నిలబడనిస్తేనా.

కొండల అవతల మూతపడిన గని సామాన్లు వేలం వేసినప్పుడు ఒక చెక్కపెట్టె తెచ్చాడు. నిండా లేత్‌కు పెట్టి ఇనుము కోసే పనిముట్లు, కత్తులనేవాళ్ళం. చుట్టూ పండ్లున్న బిళ్ళలు, మెలి తిరిగిన గాళ్ళున్న కడ్డీలు, మొక్కజొన్న కంకిలాంటిదొకటి. ఏది దేనికో మా ఊళ్ళో ఎవరికీ తెలియదు. ఆయన ఒక్కొక్కటి చేతిలోకి తీసుకుని, కొత్తగా వచ్చిన చుట్టాన్ని పలకరించినట్టు చూసేవాడు.

"దీని పేరేంది ఉస్తాద్?"

"పేరు ఎవడికి కావాల? పనేందో అదే చెప్తాది. ఈ కడ్డీ ముక్కు తడిమి చూడు, మొద్దుగా ఉండాది. పండ్లన్నీ పక్కలకే. అంటే ఇది రంధ్రం పొడిచేది కాదు. పొడిచినదాన్ని నునుపు చేసేది."

తెలియనిదాన్ని ముందు సబ్బుబిళ్ళ మీద ఆడించేవాడు. అది వదిలిన గీత చూసి వేపచెక్క మీద, తర్వాత సీసం మీద, అన్నీ కుదిరితేనే ఇనుము మీద. ఒక్కోదానికి నెల పట్టిన సంగతి కూడా నాకు తెలుసు. అలాంటి మనిషిని మొండోడన్నారు.

బిళ్ళలకు ఇంకొక పరీక్ష ఉండేది. దారం కట్టి వేలాడదీసి మేకుతో తట్టేవాడు. ఖంగుమని మోగితే మంచిది. ఒక బిళ్ళ మాత్రం పగిలిన కుండలా టక్కుమంది. ఎంత వెతికినా కంటికి పగులు దొరకలేదు.

"ఇది లోపల చచ్చిపోయిందమ్మా."

"మరి పారెయ్యి."

"మంచి ఉక్కు. ఎప్పుడన్నా కొలిమిలో పెట్టి చిన్న కత్తులు చేస్తా."

గుర్తుకు సున్నం పెట్టేవాళ్ళం. పని ఇంకా తేలనిదానికి ఒక చుక్క. ఎన్నడూ లేత్‌కు పెట్టకూడనిదానికి రెండు. పని తేలితే చుక్క తుడిచి గోడకు తగిలించేవాళ్ళం. చుక్క లేదంటే నమ్మవచ్చు. మా ఇద్దరి చదువూ అదే.

ఇప్పుడు నా తప్పు చెబుతాను. ఆ ఏడు మహర్నవమికి ఆయుధాల పూజ చేస్తానన్నాను. "చేసుకో. పసుపు పెడితే తడి లేకుండా తుడువు, తుప్పు నీ దేవుడు వదిలించడు" అని చెప్పి ఆయన పెనుకొండ పోయాడు. నేను పెట్టెలో ఉన్నవీ గోడకున్నవీ అన్నీ దించి చింతపండుతో తోమాను. నా అంత శుభ్రంగా ఎవరు చేస్తారని గర్వం. చేతిలో గుడ్డ తెల్లబడినప్పుడు తెలిసింది, ఏం తుడిచానో.

గుర్తున్నంత వరకు చుక్కలు మళ్ళీ పెట్టాను. ఒకే కొలత బిళ్ళలు రెండున్నాయి, ఒకటి మంచిది, ఇంకొకటి ఆ టక్కుమన్నది. వాటిలో ఒకదానికి రెండు చుక్కలు పెట్టి, ఇంకొకటి గోడకు తగిలించాను. దారం కట్టి తట్టి ఉంటే క్షణంలో తేలిపోయేది. ఇంట్లో పండగ వంట ఉంది. తట్టలేదు.

మరుసటి ఏడు వాన లేదు. తనకల్లు వైపు నుంచి ఒక రైతు కొత్త పంపు ఇరుసు తెచ్చాడు, దానికి గాడి కోయాలి. ఆయన బావిలో కాస్త నీళ్ళున్నాయి, ఎక్కించే దారి లేదు. గడపలోనే కూర్చున్నాడు.

"ఈ పొద్దు నీళ్ళెక్కకపోతే శెనిక్కాయంతా మాడిపోతాదన్నా" అని అదే మాట మళ్ళీ మళ్ళీ అంటున్నాడు.

ఉస్తాద్ గోడ మీది బిళ్ళ తీసి చేతిలో తిప్పాడు. నా వైపు చూశాడు.

"ఇది మోగించిందేనా?"

"మోగించిందే" అన్నాను.

గాడి తిన్నగా రావాలంటే వంగి ఎదురుగా చూడాలి. తన మాట తానే దాటి వంగాడు. నేను చక్రం తిప్పుతున్నాను. మూడో కోతకు చక్రం నా చేతుల్లో ఒక్కసారిగా తేలికైపోయింది. ఆ తేలిక నా భుజాల్లో ఇప్పటికీ ఉంది. బిళ్ళ రెండు ముక్కలైంది. విరిగిన పన్ను ఒకటి ఆయన కంట్లో దిగింది.

వేళ్ళ సందుల్లో నెత్తురు కారుతుండగా, గడపలోని రైతుతో ఆయన అన్న మొదటి మాట ఇది: "కత్తి నాకు తెలియనిది. తొందరపడి నేనే పెట్టినా. ఈమెకేం తెలియదు."

ఆసుపత్రిలో అదే చెప్పాడు, వీధిలో అదే చెప్పాడు. ఏడాదిలో రెండో కన్నూ మసకబారి పోయింది. కండ్లు లేనివాడికి ఇరుసులు ఎవరిస్తారు? చిన్న చిన్న పనులు మిగిలాయి. నేను చక్రం తిప్పుతుంటే వేళ్ళతో తడిమి చేసేవాడు. పనులు లేని రోజు పెట్టె ముందర కూర్చుని ఒక్కొక్కటి తీసి, వాసన చూసి, మళ్ళీ పెట్టేవాడు.

చెప్పాలని చాలాసార్లు నోరు తెరిచాను.

"ఉస్తాద్, ఆ పండగ పొద్దు నేను..."

"చక్రానికి నూనె పెట్టినావా?" అనేవాడు.

ఇంకోసారి, "ఆ బిళ్ళ సంగతి..." అన్నాను.

"చాయ్ చల్లారిపోతాంది, తాగు."

పనిలో పడి వినలేదనుకున్నాను. వినలేదని అనుకోవడం నాకు సుఖంగా ఉండేది. పదేళ్ళకు పైగా ఆ సుఖం తిన్నాను.

అందుకే చెబుతున్నాను. మా ఉస్తాద్ తెలియని పనిముట్టును ఎన్నడూ ఇనుముకు పెట్టలేదు. నా మాట నమ్మి పెట్టాడు. మొండితనం, తొందర, చేతకానితనం ఆయనకు అంటగట్టినవాళ్ళు ఇకనుంచి వాటిని నా పేరు మీద చెప్పుకోండి.

ఇదంతా మాబూబ్బీ ఇంట్లోనే, ఆమె ముందరే చెప్పాను. ఆమె తలుపుకు ఆనుకుని కూర్చుని విన్నది. తిడుతుందని ఎదురుచూశాను. ఆమె లోపలికి పోయి ఒక గుడ్డ మూట తెచ్చి నా ముందర విప్పింది. ఆ బిళ్ళే. రెండు ముక్కలూ కలిపి తీగతో గట్టిగా కట్టి ఉన్నాయి.

"కండ్లు పోయిన ఏడే కట్టినాడు ఓబులక్కా. నేను వక్కాకులోకి పెట్టుకునే సున్నపుకాయ అడిగి తీసుకున్నాడు. ఎందుకో నాకు చెప్పలేదు."

బిళ్ళ మీద రెండు సున్నపు చుక్కలున్నాయి. ఒకటి సరిగ్గా మధ్యలో పడింది. ఇంకొకటి చూపు లేని వేలు జారి, సగం ఉక్కు మీద, సగం పగులులో ఎండిపోయి ఉంది.

ఓబులమ్మ, ఎడమ బొటనవేలి ముద్ర.

సాక్షులు: మాబూబ్బీ, ఉస్తాద్ భార్య, వేలిముద్ర. నరసింహులు, బడి పంతులు, రాసినవాడు.