చీటీ ఏ భాషలో?

1998 వానాకాలం. మహారాష్ట్రలోని చంద్రపూర్‌లో ఒక పిల్లల దవాఖాన. మందుల కిటికీ పక్కన కూర్చుని కంప్యూటర్ సరిచూస్తున్నాను. "అక్కా, గిది తాపాల్నా, పెయ్యికి రాయాల్నా?" అని ఎవరో అడిగారు. తలెత్తితే, జివతి అనే ఊరి నుంచి వచ్చిన ఒక తల్లి. ఒడిలో పిల్ల, చేతిలో మందు పోసిన చెంచా. అది తాగించే మందు కాదు, గజ్జికి ఒంటి మీద రాసేది.

"తాపకమ్మా!" అని చెంచా లాగేసుకున్నాను. సీసా మీది చీటీ ఇంగ్లీషులో ఉంది. ఆ చీటీలు అచ్చువేసే సాఫ్ట్‌వేర్ ఇచ్చింది మా ఆఫీసే.

ఒక్క సీడీలో ప్యాకేజీలనే చిన్న చిన్న సాఫ్ట్‌వేర్లు చాలా ఇచ్చేవాళ్లం. వాటిని కేటగిరీలుగా, అంటే వరసలుగా విడదీసి పేర్లు పెట్టేది నేను. చీటీలను మరాఠీ, తెలుగుల్లోకి మార్చే ప్యాకేజీలను 'లోకలైజేషన్' కింద పెట్టాను. సాఫ్ట్‌వేర్‌ను ఒక ప్రాంతపు భాషకు, అలవాట్లకు తగ్గట్టు మార్చడాన్ని మా పనిలో అలా అంటారు. ఆ పేరు నాకు ఎంతో గొప్పగా అనిపించింది.

తెర మీద ఆ వరస చూపించి, "ఇది ఎందుకు వాడలేదు?" అని కాంపౌండర్ మల్లయ్యను అడిగాను.

"అది మీ కంప్యూటరోళ్లదనుకున్న మేడం. నేను మందులిచ్చేటోన్ని. ముట్టుకుంటె మిషిని ఖరాబైతే నన్ను తిడుతరు."

అక్కడే పేరు మార్చాను: 'ట్రాన్స్‌లేషన్'. మల్లయ్య పెదవి విరిచాడు. 'తెలుగు సాఫ్ట్‌వేర్' అని పెడదామన్నాను. ఈసారి ఆ తల్లి నవ్వింది. "తెలుగు మాట్లాడుతమక్కా, సదువుడు రాదు. బడిల మరాఠీయే చెప్పిండ్రు."

నేనూ ఇక్కడి తెలుగుదాన్నే. అయినా ఆ సంగతి తట్టలేదు. సిగ్గేసి మల్లయ్యనే అడిగాను: "నువ్వైతే ఏమని వెతుకుతవ్?"

"ఇంకేముంది మేడం, చీటీ ఏ భాషల గావాలె అని."

ఆ మాటనే మరాఠీలో రాసి పెట్టాను. మల్లయ్య ఎవర్నీ అడగకుండా దాని మీద నొక్కాడు, మరాఠీని ఎంచుకున్నాడు. ప్రింటర్ గరగరమంది. ఆ తల్లి కొత్త చీటీ మీద వేలు పెట్టి చదివింది: "ఫక్త బాహేరూన్ లావణ్యాసాఠీ." పైన రాయడానికి మాత్రమే. ప్యాకేజీలో ఒక్క అక్షరం మారలేదు. ఆరు నెలలుగా ఆ మిషినులోనే పడి ఉన్న మాట, వరస పేరు మారగానే ఒక తల్లి నోట పలికింది.

మరునాడు పొద్దున మా ఇద్దరు పిల్లలూ టానిక్ కోసం నోళ్లు తెరిచి నిలబడ్డారు. నేను సీసా మీది ప్రతి మాటా చదువుతున్నాను.

"రోజూ పోసేదే కదమ్మా!" అని విసుక్కుంది పెద్దది.

"నిన్న ఒకామె అడగబట్టి ఆమె బిడ్డకు గండం తప్పింది. నేనేమో ఎవర్నీ అడగకుండ పేరు పెట్టిన. మీరు తెల్వకుంటె అడుగుర్రి బిడ్డా, ఎవరు నవ్వినా సరే."