మూడో అంతస్తుకు ఒక మనిషి

కరోనా వచ్చి అబుదాబి ఐకాడ్‌లో మా కార్మికుల క్యాంపు గేటు మూసేనాటికి నేనక్కడ క్యాంప్ బాస్‌ని. లోపల మనవాళ్లూ చైనావాళ్లూ కలిసే ఉండేవాళ్లు. జబ్బు వాళ్ల దేశం నుంచే వచ్చిందని మనవాళ్లు మెట్ల మీద ఎదురుపడినా మొహం తిప్పుకునేవాళ్లు. మూడో అంతస్తు వంటగదిలో రోజూ గొడవే. చైనావాళ్లకు తాగడానికి ఎప్పుడూ వేడినీళ్లు కావాలి, మనవాళ్లకు అన్నం వండుకోవడానికి పొయ్యి కావాలి. ప్రతి ఫిర్యాదూ నా దగ్గరికే వచ్చేది.

ఒక సాయంత్రం చైనా ఫోర్‌మన్ వచ్చి, నా గది బయట దూరంగా కుర్చీ వేసుకుని కూర్చున్నాడు. యాభై దాటిన మనిషి, క్యాంపుల్లో నేర్చుకున్న హిందీతో నెట్టుకొచ్చేవాడు. ఇక్కడికి రాకముందు తమ ఊరి కమిటీకి పెద్దగా ఉన్నానని ఆ రోజే చెప్పాడు.

వాళ్లది ఒక మహానగరం అంచున ఊరట. నగరానికి కూరగాయలు అక్కడి నుంచే వెళ్లేవట. ఆయన చిన్నప్పుడు అది కమ్యూన్, పొలాలన్నీ ఉమ్మడివి. తర్వాత కమ్యూన్ పోయింది. పొలాలు ఇంటింటికీ పంచి, మన మండలంలాంటిది పెట్టారు. నగరం పెరిగి మీదికొచ్చాక ఆ ప్రాంతమంతా నగరంలో ఒక జిల్లా అయింది. క్యాబేజీ తోటల్లో అపార్టుమెంట్లు లేచాయి. ఊరి కమిటీ కాస్తా అపార్టుమెంట్లవాళ్ల కమిటీగా మారింది.

"ఆఫీసులు ఎన్ని మారినా, నీళ్లు రాకపోతే జనం మా ఇంటి తలుపే తట్టేవాళ్లు. ఇక్కడ అందరూ నీ ఒక్కడి తలుపే తడుతున్నారు. అంతస్తుకొక మనిషిని వాళ్లనే ఎన్నుకోమను" అన్నాడు.

ముదీర్‌ని, అంటే మా మేనేజర్‌ని అడిగితే, గొడవలు తగ్గితే చాలన్నాడు. మర్నాడు ఎవరి గుమ్మంలో వాళ్లు నిలబడి చేతులెత్తారు. మూడో అంతస్తులో కడప నుంచి వచ్చిన టైల్స్ మేస్త్రీ పేరు రాగానే మొదట లేచినవి చైనావాళ్ల చేతులే. జ్వరంతో వేరే గదిలో ఉన్న వాళ్ల వెల్డర్‌కు అతను రోజూ గంజి కాచి తలుపు దగ్గర పెట్టి వస్తున్నాడని నాకప్పుడే తెలిసింది.

మేస్త్రీ బెదిరిపోయాడు. "నాకు వాళ్ల మాట ఒక్క ముక్క రాదు భాయ్. నన్నెట్ల పెడతారు?"

"మాట సంగతి నేను చూసుకుంటా. మనుషుల సంగతి నువ్వు చూడు" అన్నాడు ఫోర్‌మన్.

మేస్త్రీ మొదట చేసిన పని, సైటు ఆఫీసులో ఊరికే పడి ఉన్న నీళ్లు కాచే డ్రమ్మును తెప్పించి వరండాలో పెట్టించడం. పొయ్యి అన్నానికి మిగిలింది. వెల్డర్ కోలుకుని బయటికొచ్చిన రోజు మనవాళ్లే ఎదురెళ్లి టీ ఇచ్చారు.

గేటు తెరిచాక ఇక ఇదంతా ఖలాస్ అనుకున్నాను. మూడో అంతస్తువాళ్లు మానలేదు, వాళ్లను చూసి మిగతా అంతస్తులూ కొనసాగించాయి. ఫోర్‌మన్ పోర్టు పని మీద ఖోర్ ఫక్కాన్ వెళ్లిపోయాడు. నేనిప్పుడు ముసఫ్ఫాలో ఇంకో క్యాంపు చూస్తున్నాను. ఇక్కడా కొత్తవాళ్లు బస్సు దిగిన వారంలోనే ఎన్నుకోమంటాను. ఈమధ్య ఒక అంతస్తుకు ఒక నేపాలీ, ఒక బీహారీ, మన నెల్లూరు కుర్రాడు పోటీపడ్డారు. నేపాలీ గెలిచాడు. మనవాడే అందరికంటే గట్టిగా చప్పట్లు కొట్టాడు.