చీమలు రాని రోజు

పొద్దున మా మనవరాలు నూలు చీరలకు గంజి కాస్తుంటే, ఆ వెచ్చటి పుల్లవాసన వంటింట్లోంచి వసారాలోకి వచ్చింది. చదువుతున్న పేపరు పక్కన పడేసి, గోడల వారన చూసుకుంటూ పెరటిదాకా పోయి వచ్చాను.

"యాడికి పోతాండావవ్వా? కుదురుగా కూచోరాదా?" అంది.

ఎనభై దాటినా, ఆ వాసన తగిలితే నేను కూర్చోలేను.

స్వరాజ్యం రాకముందు మాట. జమ్మలమడుగు పక్కన మా పల్లెలో, తెల్లవారేసరికి మగ్గాలవీధి పొడవునా పడుగులు సాగదీసి పెద్దవాళ్లు కుంచెలతో గంజి పట్టిస్తుంటే, ఆడపిల్లలం ఆ దారాల కింద దూరి అచ్చనగాయలు ఆడేవాళ్లం, తిట్లు తినేవాళ్లం. మా నాయన గుంటమగ్గంలో కూర్చుని కాళ్లతో చెక్కలు తొక్కుతుంటే, ఆ చప్పుడుకే మా చెల్లెలు నిద్రపోయేది. నాకు ఎనిమిదేళ్లప్పుడు ఆయనకు చక్కెర జబ్బు పట్టుకుంది. ఎన్ని నీళ్లు తాగినా దాహం తీరదు, కుడికాలి బొటనవేలి పుండు మానదు. అది పైకి పాకితే మగ్గం ఆగిపోతుందని ఇంట్లో అందరికీ తెలుసు.

వీధి చివర మందులిచ్చే పుల్లయ్య తాత మొండి మనిషి. నాలుగు మూలికలు కలిపి నూరితే ఏది పనిచేసిందో ఎట్లా తెలుస్తుందని, ఒక్కోదాన్ని ఏడేసి రోజులు విడిగా కాచి ఇచ్చేవాడు. తంగేడు పూలు, నేరేడు గింజలు, మారేడు ఆకు అన్నీ అయ్యాయి. పరీక్షకు పెరటి గోడ వారన ఇసుక పోయించాడు. నాయన పొద్దున అక్కడ ఒంటికి పోయి వచ్చాక, ఆ తడికి చీమలు పట్టాయో లేదో చూసి చెప్పడం నా పని. తీపి ఉంటే చీమలు వస్తాయి. రోజూ వచ్చాయి.

చివరికి గండికోట కొండల నుంచి పొడపత్రి ఆకు తెచ్చాడు. ముందు తను నమిలి, తర్వాత ఒక ఆకు నాతో నమిలించి, పైన బెల్లంముక్క పెట్టాడు.

"ఎట్లుండాది పాపా?"

"ఇసుక మాదిరుండాది తాతా."

నాలుక మీద తీపిని చంపిన ఆకు ఒంట్లో తీపిని చంపదా అని ఆయన ఆశ. నాకు మాత్రం ఒళ్లు మండింది. నాయన తినకూడదని ఏడాదిగా ఇంట్లో తీపి వండలేదు, దొరికిన ఒక్క బెల్లంముక్కా అట్లా మట్టయిపోయింది.

ఆరు రోజులూ చీమలు పలచబడుతూ వచ్చాయి. ఏడో రోజు, తెల్లవారితే ఉగాది. అమ్మ గంజికడవ కడుగుతూ గోడ మలుపులో కాస్త ఒలకబోసింది. నేను పోయేసరికి ఇసుక మీద ఒక్క చీమ లేదు. చీమలబారంతా మలుపులో పక్కకు తిరిగి గంజి దగ్గరికి పోతోంది. కళ్లారా చూశాను. చీమలు రాలేదంటే రేపు పండక్కి ఓళిగలు చేస్తారు, ఆ బెల్లప్పూర్ణం గుర్తొచ్చి నోరూరింది.

"వచ్చినాయా?" అన్నాడు తాత.

"రాలేదు తాతా."

గంజి మాట చెప్పలేదు. తాత కండువాతో కళ్లు తుడుచుకున్నాడు. మరునాడు మా అవ్వ పెనం మీద నుంచి నెయ్యి కారే ఓళిగలు తీసి వేస్తుంటే, నాయన లెక్కలేకుండా తిన్నాడు. ఆయన పక్కనే కూర్చుని నేనూ తిన్నాను. ఆ రోజు నుంచి ఆయన కషాయం మానేశాడు, పథ్యం వదిలేశాడు. ఎండలు ముదిరేసరికి పుండు పాదమంతా పాకింది. ఆసుపత్రిలో పాదం తీసేశారు.

తాత వచ్చి, ఆగిపోయిన మగ్గం దగ్గర నిలబడ్డాడు.

"ఆకు మోసం చేసెనప్పా," అన్నాడు నాయనతో.

నేను అప్పుడూ నోరు విప్పలేదు. ఆయన మళ్లీ ఆ కొండకు పోలేదు.

ఇప్పుడు ఆ వీధిలో మగ్గపు గుంటలు పూడ్చి బండలు పరిచారు. పొడపత్రి పొడిని డబ్బాల్లో అమ్ముతున్నారు. అది పనిచేస్తుందో లేదో తాత తేల్చేవాడేమో, నేను తేల్చనివ్వలేదు. నాకూ అదే జబ్బు. మనవరాలు వేలికొన పొడిచి, చిన్న యంత్రంలో అంకె చూసి చెబుతుంది. ఏ పిల్ల మాటా నమ్మాల్సిన పని లేదు. అయినా గోడ వారన చీమలబారు కనబడితే, అది ఎక్కడికి పోతోందో చివరిదాకా చూస్తే గాని నాకు కాలు నిలవదు.