తాయమ్మ కట్టిన పందుల దొడ్డి

చిత్తూరు ఊరి చివర, వంక ఒడ్డున పందులు మేపుకొని బతికే ఇళ్లలో తాయమ్మ నోటికి మొగవాళ్లు కూడా జంకేవాళ్లు. అయినా ఎనభై మూడో సంవత్సరం ఎండాకాలం దాకా ఆమె ఎవరి మీదా చెయ్యెత్తలేదు.

ఆ ఆదివారం ఆమె మొగుడు మునెయ్య, కాళ్లు కట్టేసిన పందిని మోకాలితో తొక్కిపట్టి గొంతులో కత్తి దించాడు. నెత్తురు చిమ్మింది. అంతలోనే అతని మెడ పక్కకు తిరిగిపోయింది. కళ్లు తేలేసి, నోట నురగతో, కొట్టుకుంటున్న పంది మీదే పడి తానూ కొట్టుకున్నాడు. గుప్పిట్లో బిగిసిపోయిన కత్తి అతని తొడలోనే దిగింది. తాయమ్మ అతని వేళ్లు విరిచినంత పనిచేసి కత్తి లాగింది. కొంగు చింపి తొడకు కట్టింది.

మూర్ఛ మళ్లీ వచ్చింది. వస్తూనే ఉంది.

"ఇది రోగం కాదు వదినా, సేతబడి," అన్నాడు మరిది చిన్నబ్బ. "ఆ దేవకమ్మ పనే. మన పందులు దాని ఆకుకూర మడి తవ్వేసినాయని దుమ్మెత్తి పోసింది సూడు, అప్పుడే అనుకున్నా."

భూతవైద్యుడు వచ్చాడు. మునెయ్యను గుంజకు కట్టేసి చింతబరికెలతో వీపు చీరేశాడు. కాల్చిన ఇనుముతో నుదుట వాత పెట్టాడు. చర్మం కాలిన వాసన వచ్చింది. తాయమ్మ పళ్లు బిగబట్టి చూస్తూ నిలబడింది. ఆమెకూ సగం నమ్మకమే మరి. దెబ్బల మధ్యలోనే మునెయ్యకు మళ్లీ మూర్ఛ వచ్చింది.

దాంతో చిన్నబ్బ మనుషుల్ని వెంటేసుకొని దేవకమ్మను జుట్టు పట్టి వీధిలోకి ఈడ్చాడు. మంత్రం పలకకుండా పళ్లు ఊడగొట్టాలని రాయి ఎత్తాడు. కేక విని తాయమ్మ పందుల్ని తోలే కట్టెతో పరుగెత్తింది. ఆమె చేరేసరికే ముసలిదాని నోరు నెత్తుటి ముద్దయింది. రాయి రెండోసారి లేచింది. తాయమ్మ కట్టె చిన్నబ్బ మణికట్టు మీద పడింది. ఎముక పటుక్కుమంది.

"పండ్లు రాలగొడితే మీయన్నకు తగ్గతాదంట్రా? ఇంగో దెబ్బ పడిందంటే ఈ కట్టె నీ తలకాయి మీదనే!"

మర్నాడే మునెయ్యను మద్రాసు పెద్దాసుపత్రికి తీసుకెళ్లింది. అక్కడి డాక్టరు తల ఫోటో తీయించి, అందులో తెల్లటి చుక్కలు చూపించాడు.

"పందిమాంసంతో వచ్చే బద్దెపురుగు పిల్లలమ్మా ఇవి. గుడ్లు కడుపులోకి పోతే, వాటిలోంచి వచ్చిన పిల్లలు నెత్తుటితో పాటు వెళ్లి మెదడులో గూళ్లు కట్టాయి."

"మా ఆయన బాగా ఉడికిందే తింటాడు సామీ."

"ఆయన తిన్న మాంసం వల్ల కాకపోవచ్చు. సరిగా ఉడకనిది తిన్నవాడి పేగులో పురుగు పెరుగుతుంది. వాడి మలంలో గుడ్లు పడతాయి. వాడు చెయ్యి కడుక్కోకుండా అన్నమో నీళ్లో ముట్టుకుంటే, అవి పక్కవాడి నోట్లోకి పోతాయి. ఆ మలం పందులు తింటే వాటి మాంసంలో గింజలు కడతాయి. మీ ఇంట్లో ఎవరికైనా పురుగు పడుతోందా?"

పందిని కోసిన ప్రతిసారీ నిప్పుల మీద సగం కాలిన కార్జం ఊదుకుంటూ తినేది చిన్నబ్బే. తెల్లటి బద్దెలు పడుతున్నాయని నవ్వుతూ చెప్పిందీ వాడే. కుండలో చెయ్యి ముంచి అన్నకు చెంబుతో నీళ్లిచ్చేదీ వాడే.

ఇంటికొచ్చి ఆ మాటే వాడి మొహాన చెప్పింది.

"నేనా మాయన్నను సంపతా ఉండేది?" కట్టు కట్టిన కుడిచెయ్యి వదిలేసి, ఎడమచేత్తో మచ్చుకత్తి ఎత్తాడు.

"ఏసెయ్ రా," అంది తాయమ్మ, కదలకుండా.

కత్తి నీళ్లకుండ మీద పడింది. కుండ పెంకుల మధ్య కూలబడి చిన్నబ్బ తల నేలకేసి కొట్టుకున్నాడు. మర్నాడు ఆసుపత్రికి వెళ్లి పురుగు పడిపోయే మందు మింగొచ్చాడు.

మునెయ్యకు మాత్రలతో మూర్ఛలు తగ్గాయి గానీ మళ్లీ కత్తి పట్టలేదు. పందుల్ని తాయమ్మే కోసింది. మాంసంలో సగ్గుబియ్యం లాంటి గింజలు కనిపిస్తే, బేరగాళ్లు తిడుతున్నా కిరసనాయిలు పోసి కాల్చేసింది. వంక రాళ్లు మోసి దొడ్డి కట్టి పందుల్ని లోపల పెట్టింది. ఇంటి వెనక మరుగుదొడ్డికి గుంత తవ్వింది. "రాజుగారి పందులప్పా ఇవి!" అని నవ్విన వాళ్లలో కొందరు తర్వాత తామూ గుంతలు తవ్వుకున్నారు.

దేవకమ్మకు తాయమ్మ రోజూ జావ కాచి తీసుకెళ్లేది. ముసలిది ఆ గిన్నె ఆమె మొహాన్నే విసిరేది.

"మీవోళ్లు రాలగొట్టిన నా పండ్లు తెచ్చియ్యి, అప్పుడు తాగతా!"

తాయమ్మ మొహం తుడుచుకొని గిన్నె ఏరుకొని ఇంటికి వచ్చేది. ఆ ముసలమ్మ చచ్చేదాకా ఆమెను క్షమించలేదు.